సెప్టో వెనక తోక

టెహ్రాన్, వలీఅస్ర్ వీధిలో మూడో అంతస్తు మీద ఒక ముక్కుల క్లినిక్. ఆపరేషన్ల సంగతులు విడమరిచి చెప్పే ఫరంగీస్ ఖానుం బల్ల ముందు గీసూ వచ్చి కూర్చుని అరగంటయింది.

"మళ్ళీ చెప్పండి ఫరంగీస్ ఖానుం. సెప్టోప్లాస్టీ అంటే?"

"అబ్బ, ఇది మూడోసారి! ముక్కులో రెండు రంధ్రాల మధ్య గోడ ఉంటుందా, అది వంకరపోతే ఊపిరాడదు. దాన్ని సరిగ్గా నిలబెడతాం. బయటికి ఏమీ తెలీదు. నీ మొహం నీ మొహమే."

"నా మొహం నా మొహమే. బావుంది. మరి రైనోప్లాస్టీ?"

"అది బయటి పని. ముక్కు మీద గూని ఉంటే అరగదీస్తాం, కొన పైకెత్తుతాం, పక్క ఎముకలు విరిచి దగ్గరికి నొక్కుతాం."

"విరిచి."

"మత్తులో ఉంటావు కదమ్మా, నీకేం తెలీదు. టీ తాగు. ఆ కలకండ పుల్ల వేసి తిప్పు, చల్లారిపోతోంది."

"మత్తులో ఉంటే తెలీదు. అదీ నిజమే. రెండూ కలిపి చేస్తే?"

"సెప్టోరైనోప్లాస్టీ. గోడా, ఇల్లూ ఒకేసారి. అయినా ఇవన్నీ నీకెందుకు చెప్పు? నీకు ఎప్పుడో అయిపోయిందిగా! గుమ్మంలోకి రాగానే కనిపెట్టా. బొమ్మ ముక్కు, కొన ఆకాశంలోకి. పదేళ్ళ కిందటి ఫ్యాషన్. ఎవరు చేశారో గానీ చేయి తిరిగిన మనిషే."

"మీ డాక్టరే."

"కియాన్‌ఫర్ గారా? ముందే చెప్పొద్దూ! ఎప్పుడు?"

"పదమూడేళ్ళయింది."

"నేనొచ్చి తొమ్మిదేళ్ళే. అయితే నీది రివిజన్ కేసన్నమాట, చేసినదాన్ని మళ్ళీ సర్దడం. అవన్నీ ఇప్పుడు చిన్న డాక్టర్ గారు చూస్తున్నారు. చేయి వెన్నలా ఉంటుంది."

"వెన్న వద్దు. ఆయనే చెయ్యాలి. ఆయన చేత్తోనే. అందుకే వచ్చా."

"అరవై ఐదేళ్ళాయనకి, గీసూ జాన్. ముక్కూ మొహం తెలీనివాళ్ళ కోసం ఆయన కత్తి పట్టుకోవడం మానేశారు."

"నా ముక్కు ఆయనకి బాగా తెలుసు. తలుపు మీద ఆ నోటీసేంటో చదవండి."

"ఏ నోటీసు... 'ఇక్కడ చేసిన ముక్కుకి రివిజన్ కావాలంటే, చేసిన డాక్టరే స్వయంగా చేస్తారు.' ఓ, ఇదా! ఇన్నాళ్ళూ తలుపుకి అలంకారం అనుకున్నాం."

"కింద ఆయన సంతకం కూడా ఉంది."

"నువ్వేమైనా లాయరువా?"

"యాప్‌లు టెస్ట్ చేస్తా. షరతులు చదవకుండా ఓకే నొక్కేసేవాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. తీరా చూస్తే పద్దెనిమిదేళ్ళకి నేను చేసిందీ అదే."

"అంటే?"

"ఊపిరాడక వచ్చా. లోపలి గోడ సర్దుతామన్నారు. అమ్మకీ అదే చెప్పారు. కాగితం మీద సెప్టో అని కనిపించింది, సంతకం పెట్టేశా. దాని వెనక రైనో అని తోకుందని చూళ్ళేదు."

"అయ్యో. నీకు చెప్పకుండానే..."

"కట్టు విప్పి, అద్దం చేతికిచ్చి, ముబారక్ అన్నారు."

"అది... అది అందరికీ అంటాం. అలవాటు. అయినా ఏమాటకామాట, అందంగానే ఉందిగా. ఈ ఊళ్ళో ఆపరేషన్ చేయించుకోకుండానే, అయిందని గొప్పగా చూపించుకోడానికి ముక్కుకి టేపు అంటించుకు తిరిగే పిల్లలున్నారు తెలుసా?"

"అందం వాళ్ళకివ్వండి. నాకు నాది కావాలి."

"నీదంటే?"

"గూని. మధ్యలో కొండలా లేచి, కొన కిందికి వంగి. అచ్చం గద్ద ముక్కు."

"మతిగానీ పోయిందా? జనం ఆ గూని తీయించుకోడానికి వస్తారు ఇక్కడికి! అరగదీసింది తిరిగి రావాలంటే పక్కటెముక దగ్గర మెత్తటి ఎముక కోసి తెచ్చి అతకాలి, దాన్ని..."

"గ్రాఫ్ట్ అంటారు. చెవిలోది చాలదు, పక్కటెముకదే కావాలి. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది. తెలుసు."

"తెలిసే నన్ను అరగంట నుంచీ వాయిస్తున్నావా?"

"మీ నోటితో వినాలని. సెప్టో అంటే బయటికి ఏమీ తెలీదు, మొహం మొహంలానే ఉంటుందన్నారు చూడండి, ఆ ముక్క. ఫోన్లో రికార్డయింది."

"రికార్డా! అమ్మాయ్, నా ఉద్యోగం..."

"మీ జోలికి రాను. ఆయన చేస్తానంటే అది నా ఫోన్లోనే ఉంటుంది."

"చెయ్యనంటే?"

"వైద్య మండలికి పోతుంది. నా సంతకం కాగితంతో సహా."

"యా ఖుదా, ముక్కు కోసం ఇంత పగా? మా డాక్టర్ గారిని చూసి నేర్చుకో. మొహంలో సగం ముక్కే ఆయనకి. మీది ఎప్పుడు చేయించుకుంటారండీ అని మేం ఆటపట్టిస్తాం. ఇది మా వంశం ముక్కు, ముట్టుకోను అంటారు. వాళ్ళబ్బాయి కాళ్ళావేళ్ళా పడినా కత్తి పెట్టలేదు."

"కొడుక్కి పెట్టలేదా?"

"అస్సలు. తాతలిచ్చింది, పోగొట్టుకోకు అన్నారు. ఎందుకలా నవ్వుతున్నావ్?"

"ఏం లేదు. ఫారం రాసుకోండి."

"రాస్తా, రాస్తా. బెదిరించకు. ఇదిగో, ఎవరి ముక్కులా కావాలో ఒక ఫోటో ఇవ్వాలి. అందరూ ఏదో సినిమా తారది పట్టుకొస్తారు. తెచ్చావా?"

"తేనక్కర్లేదు. మీ వెనక గోడ మీదుంది."

"నా వెనకా... ఇది డాక్టర్ గారి ఫోటో. వెటకారాలొద్దు గీసూ."

"నా పాత ఫైలు తీయండి. ఆపరేషన్‌కి ముందు పక్కనుంచి తీసిన ఫోటో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

"కంప్యూటర్లోనే ఉంటుంది, దానికేం... గీసూ... పదమూడేళ్ళ కింద... ఇదిగో, వచ్చింది. ఇది..."

"ఏమైంది ఖానుం?"

"ఆ కొండ. ఆ కొన. అచ్చం... మీ అమ్మ... మీ అమ్మ ఎవరు?"

"తూబా. ఈ క్లినిక్‌లోనే నర్సు. ఆపరేషన్ గదిలో ఆయనకి కత్తెరలు అందించేది, నేను కడుపున పడేదాకా."

"మరి నీ ఇంటిపేరు..."

"అమ్మది. ఆయన నాకిచ్చింది ముక్కొక్కటే ఫరంగీస్ ఖానుం. అదీ మత్తిచ్చి వెనక్కి తీసేసుకున్నాడు."