వెనక సీటు

ఆ మోటార్‌సైకిల్‌ను విప్పి, తోమి, మళ్లీ బిగించడానికి చలికాలమంతా పట్టింది. ఆదివారం ఉదయం ఇంటి పక్క షెడ్డులో అన్న చివరి నట్టు బిగిస్తుంటే, చెల్లెలు చేతికర్రను గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుని పానాలు అందిస్తోంది.

“అయిపోయినట్టేనా అన్నయ్యా?”

“ఆఁ. రేపు ఒకాయన వచ్చి తీసుకెళ్తాడు.”

“అమ్మేస్తున్నావా? మూడు నెలలు నేను చేతులకి గ్రీజు పూసుకున్నది ఎవరో ఒకాయన కోసమా?”

“నువ్వు పడింది దీని మీంచే కదమ్మా. మెల్లగా పోనివ్వమన్నావు, నేను వినలేదు. నాలుగేళ్లయినా ఆ మలుపే కళ్ల ముందు తిరుగుతోంది.”

“వినలేదు, నిజమే. నాకూ కోపమొచ్చింది. ఏడాదిపాటు నీతో సరిగ్గా మాట్లాడను కూడా లేదు.”

“తెలుసు.”

“ఆ కోపం ఎప్పుడో పోయింది. మొన్న కార్బ్యురేటర్ కడుగుతూ నువ్వు వణికిపోతున్నా, నీ స్వెటర్ తీసి నాకు కప్పావు చూడు, అప్పటికే లేదు. నువ్వే ఇంకా మోస్తున్నావు.”

అతను బండెక్కాడు. ముఖం తిప్పుకుని కిక్ కొట్టాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. వెనక సీటు కుంగినట్టనిపించి చూస్తే, ఆమె హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉంది.

“దిగు! భయం లేదా నీకు?”

“ఉంది. అందుకేగా నీ చొక్కా ఇంత గట్టిగా పట్టుకున్నాను. పద.”

నడిచి వెళ్లేవాళ్లు కూడా దాటిపోయేంత నిదానంగా బండి వీధిలోకి వచ్చింది.

“అన్నయ్యా, రెండో గేరు కూడా బిగించావా, మర్చిపోయావా?”