వీలీ బార్ మీద గీత

హలో… ఆ, నేనేరా. అన్నయ్యనే. నువ్వే చేశావా? నర్సు పట్టుకుందా ఫోను…

ఇప్పుడెలా ఉంది?

ఊఁ… కాళ్లు. డాక్టరు నాతో నిన్ననే చెప్పాడులే, నడుం కింద ఇక స్పర్శ రాదని. నీకివాళ చెప్పాడా… సరే. ఏడవకు. ఏడిస్తే వస్తుందా?

…

రేసు బండా? షెడ్డులోనే ఉంది. నాలుగు చక్రాల్లో ముందరివి రెండూ వంకరపోయాయి. హ్యాండిల్ విరిగింది.

వెనక కట్టిన వీలీ బారా… అదెందుకిప్పుడు?

లేదు. కోసేశాను, పొద్దున్నే. పాత ఇనుమువాడు పట్టుకుపోయాడు… చూసి ఏం చేస్తావురా?

ఏ గీత?

వెల్డింగు దగ్గరా… రేసుకి ముందు నాకు చూపించావా? నేనేమన్నాను? "పెయింటు పగిలిందంతే, వెళ్లు" అన్నానా?

అనలేదు… అనలేదురా. తలకి దెబ్బ తగిలింది నీకు. మూడు రోజులు మత్తులో ఉన్నావు. కలగని ఉంటావు.

విను. రెండు ఆదివారాలు కూర్చుని కట్టాం దాన్ని. కొలతలు నీవి, వెల్డింగు నాది. వెనక బుల్లి చక్రాలు నేలకి రెండంగుళాల ఎత్తులో చాలన్నాను. నాలుగుండాలని పట్టుబట్టిందెవరు?

…

అసలది ఎందుకు కట్టుకుంటాం? ముందు చక్రాలు గాల్లోకి లేచినా బండి వెల్లకిలా పడకుండా, వెనకనుంచి ఆనుకోవడానికి. నువ్వేం చేశావు? పచ్చలైటు పడీ పడగానే క్లచ్చు ఒక్కసారే వదిలేసి బరువంతా దానిమీద మోపావు. ఏ ఇనుము ఆగుతుంది?

వదిలావు… అందరూ చూశారు.

ఒక్క నిమిషం. మీ వదిన పిలుస్తోంది. లైన్లోనే ఉండు.

—ఏమిటే, అలా చూస్తావు? వాడికి వినపడదు, మ్యూట్‌లో పెట్టాను. ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు, నేనన్నది విన్నావు. ఆ సంగతి నాకూ తెలుసు. గీత చూశాను. విప్పి మళ్లీ వెల్డింగు పెట్టాలంటే ఒక పూట పడుతుంది. బద్ధకించాను. అది చెబితే వాడు లేచి నడుస్తాడా? వాడికి కాళ్లెలాగూ పోయాయి. నా చేతులు కూడా పోవాలా? రేపు నన్ను నమ్మి ఒక గేటు వెల్డింగు పనైనా ఎవడిస్తాడు?… పోనీ నువ్వే చెప్పు. ఇదిగో ఫోను… తీసుకోవేం?… ఊఁ. లోపలికెళ్లు.

ఆ, హలో… ఏం లేదు. నీ గురించి బాధపడుతోంది మీ వదిన.

ఏంటి? గట్టిగా చెప్పు… క్లచ్చు నువ్వే వదిలేశావేమో అనిపిస్తోందా… అనిపించడం కాదు, అదే జరిగింది.

నాకు క్షమాపణలెందుకురా. చిన్నవాడివి. నన్ను అనుమానించావని నేనేం మనసులో పెట్టుకోను.

నాన్న వచ్చారా… గదిలోనే ఉన్నారా? అయితే ఇప్పుడే చెప్పెయ్. నేను లైన్లో ఉండగానే. ఆలస్యం చేస్తే ఆయన ఏవేవో ఊహించుకుంటారు… చెప్పు, వింటున్నాను.

…

గీత సంగతి వద్దు. క్లచ్చు సంగతి చాలు.

…

ఊఁ.

…

ఆ, నాన్నా. విన్నాను… వాణ్ణేమీ అనకండి. ఇప్పటికే కుమిలిపోతున్నాడు… నాదేముంది నాన్నా, అన్ననయ్యాక చూసుకోనా… అయ్యో, అంత మాటెందుకు.

సాయంత్రం వస్తాను. వాడి కాళ్లమీద దుప్పటి సరిగ్గా ఉందో లేదో చూస్తూ ఉండండి. జారిపోయినా వాడికి తెలియదు కదా.

ఉంటాను.