‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగిన ముప్ఫయ్యయిదేళ్లు

1989 ఆగస్టు 7, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు, లిఫ్టుల నిర్వహణ చేపట్టే మా సంస్థలోని ఉత్తరప్రత్యుత్తరాల విభాగంలో ఇరవైమూడేళ్ల యువతి ఒకరు టైపిస్టుగా చేరారు. ఆనాడు ఆమెకు సంక్రమించిన ఆస్తి ఒక అక్షరం సరిగా పడని టైపు మిషను, కాలు ఊగే కుర్చీ, కిటికీ లేని ఒక మూల. ఈ రోజు, ఆగస్టు 31న, అదే విభాగం సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్న మా మేడంగారిని గూర్చి నాలుగు మాటలు రాసి ఈ వీడ్కోలు సభలో చదివే భాగ్యం, ఆమె పక్క బల్ల దగ్గర ఇరవైమూడేళ్లు కూర్చున్న ఒకే ఒక్క అర్హత చేత నాకు లభించింది.

మా విభాగపు కష్టం తెలియనివారికి ఒక మాట మనవి చేయాలి. మెకానిక్కులు రిజిస్టరులో తెలుగులో రాస్తారు. భవన యజమానులకు మేము ఇంగ్లీషులో నివేదిక పంపాలి. మన భాషలో ‘బాగుచేశాం’ అంటే చాలు, మిగిలినది వినేవాడు గ్రహిస్తాడు. ఇంగ్లీషు అంత దయగలది కాదు. ఎప్పుడో చేసి ముగించిన పని అయితే ‘రిపేర్డ్’ అనాలి, చేసిన పని ఫలితం ఈ క్షణానికీ నిలిచి ఉంటే ‘హావ్ రిపేర్డ్’ అనాలి. ఈ రెండింటిలో ఏది రాయాలో తెలియక మా పూర్వులు ఒకరోజు అదీ, ఒకరోజు ఇదీ రాసి రెండింటికీ సమన్యాయం చేసేవారట.

మేడంగారు వచ్చాక ఆ సమన్యాయానికి కాలం చెల్లింది. రిజిస్టరు తెరవగానే ఆమె చేయి కలం మీదికి గాక ఫోను మీదికి వెళ్లేది. మెకానిక్కు ఏ భవనం పైకప్పున ఉన్నా సరే, పిలిపించి, “చేశావు సరే నాయనా, ఇప్పుడెలా ఉంది?” అని అడిగిన తర్వాతే వాక్యం మొదలుపెట్టేవారు. అందుకు ప్రతిఫలంగా మెకానిక్కులు ఆమెకు ‘ఇప్పుడెలా ఉంది మేడం’ అని బిరుదు ప్రదానం చేశారు. 1994లో జూనియర్ అసిస్టెంటుగానూ, 1998లో సీనియర్ అసిస్టెంటుగానూ ఆమె పొందిన పదోన్నతులకు ఈ బిరుదే ముందు నడిచింది. ఇంట్లోనూ ఇదే వరస అని వారి భర్తగారు వాపోతారు: “కూరలో ఉప్పేశానంటే ఊరుకోదండీ. సరిపోయిందో లేదో రుచి చూసి చెప్పమంటుంది!”

2001 జూన్‌లో నేను ప్రొబేషనరు గుమాస్తాగా చేరాను. ఇంగ్లీషులో ఫస్టు మార్కు వచ్చినవాణ్ణన్న గర్వం నా నెత్తిన ఎక్కి కూర్చున్న రోజులవి. మేడంగారు మొదటిరోజే పాఠం చెప్పారు.

“మా బాబాయి కాలు విరగ్గొట్టుకున్నాడు అన్నావనుకో. ఇప్పుడు కట్టుతో మంచమ్మీద ఉన్నాడా, పెళ్లిలో డాన్సు చేస్తున్నాడా? కట్టుంటే ‘హాజ్ బ్రోకెన్’, డాన్సయితే ‘బ్రోక్’. ఇది గ్రామరు పుస్తకం చెప్పదు నాయనా, బాబాయినే అడగాలి.”

నేను నవ్వి తలూపాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

రెండో నెలలో ఒక ఆసుపత్రివారు తమ లిఫ్టు వాడుకోవచ్చునా అని రాశారు. రిజిస్టరులో ‘బ్రేకు బాగుచేశాం’ అని ఉంది. నేను ఎవరినీ అడగకుండా, బ్రేకు బాగై ఉన్నదనే అర్థం వచ్చేలా ‘హావ్ రిపేర్డ్’ అని రాశాను. మీటింగుకు వెళ్లే హడావిడిలో ఉన్న మేడంగారు నన్ను నమ్మి సంతకం చేశారు. పదకొండింటికి ఉత్తరం వెళ్లిపోయింది. ఆమె మధ్యాహ్నం తిరిగివచ్చి, అన్నం డబ్బా మూత తీస్తూ, “మెకానిక్కుని అడిగావా?” అన్నారు. “రిజిస్టరులో ఉంది కదండీ,” అన్నాను. ఆమె ఫోను చేశారు. బ్రేకు బాగుచేసిన మాట నిజమే, కానీ రెండు వారాల కిందట. అది మళ్లీ జారుతోందట, కొత్త భాగం ఇంకా రాలేదట. ఆసుపత్రి ఫోను ఎంతకీ కలవలేదు. డబ్బా తెరిచి ఉండగానే ఆమె లేచి, నన్ను వెంటబెట్టుకుని, దొరికిన మొదటి బండి ఎక్కారు.

మేము చేరేసరికి లిఫ్టు తలుపు తెరిచి ఉంది. ఒక వార్డుబాయి ముసలావిడను స్ట్రెచరు మీద లోపలికి నెట్టబోతున్నాడు. మేడంగారు పరుగున వెళ్లి రెండు చేతులూ చాపి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

“ఎవరమ్మా మీరు? జరగండి, పైన డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు!”

“డాక్టరుగారినే కిందికి రమ్మను నాయనా. ఇందులో ఎవరూ ఎక్కడానికి వీల్లేదు.”

“బాగైందని కంపెనీవాళ్లే ఉత్తరం రాశారమ్మా!”

“ఆ ఉత్తరం మీద సంతకం నాదే. నేనే చెబుతున్నాను, ఎక్కొద్దు.”

స్ట్రెచరు మీది ముసలావిడ తల ఎత్తి, “అంత గట్టిగా చెబుతోంది కదరా, ఆగు. నాకేం తొందర లేదు,” అన్నారు. ఆ తల్లి చల్లగా ఉండాలి. గంట తర్వాత మెకానిక్కు వచ్చి, మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసి దింపి చూస్తే, లిఫ్టు ఆగవలసిన చోట ఆగక అర అంతస్తు జారింది.

మరునాడు మేనేజరుగారు ఎవరు రాశారని అడిగారు. ప్రొబేషనులో ఉన్నవాడి తప్పంటే ఉద్యోగం ఊడడమే. నేను నోరు తెరిచేలోగా ఆమె, “సంతకం నాది సార్, చూసుకోవాల్సింది నేను,” అన్నారు. మచ్చలేని సర్వీసులో ఒక మెమో చేరింది. 2002లో రావలసిన సూపరింటెండెంటు పదవి 2004 దాకా రాలేదు. నేను కుమిలిపోతుంటే, “నేను రిటైరయ్యేదాకా ఈ సంగతి ఎక్కడా అనకు. నీకింకా పెళ్లి కూడా కాలేదు,” అని ఒట్టు వేయించుకున్నారు.

సూపరింటెండెంటు అయ్యాక ఆమె రిజిస్టరులో ‘ప్రస్తుత స్థితి’ అన్న గడి చేర్పించారు. అది ఇప్పుడు మా అన్ని శాఖల్లోనూ ఉంది. పన్నెండుమంది గుమాస్తాలను తీర్చిదిద్దారు. వారిలో ఒక్కరినీ కేకలేసిన దాఖలా లేదు. ఫోను వారి ముందుకు జరిపి ఊరుకునేవారు, అది కేకకన్నా పెద్ద శిక్ష.

ఆమె కుమార్తె ఈ సభలో ఉన్నారు. బడి రోజుల్లో ఆవిడ, “అమ్మా, నీకు ప్రమోషన్ ఎందుకు రాలేదు?” అని అడిగితే, “వచ్చేటప్పుడు వస్తుందిలే,” అని జవాబు వచ్చేదట. అమ్మాయిగారూ, అసలు జవాబు ఇదీ: నా వల్ల రాలేదు. ఒట్టు గడువు ఈ సాయంత్రంతో తీరుతోంది. ఒక్కరోజు ముందే ఒట్టు తప్పి, జరిగినదంతా రాసి నా సంతకంతో నిన్ననే ఇప్పటి మేనేజరుగారికి అందజేశాను. వారు దానిని మీ అమ్మగారి సర్వీసు ఫైలులో ఆ మెమో పైన గుచ్చించారు.

మేడంగారూ, మీరు పూర్ణారోగ్యంతో, మోకాళ్ల నొప్పులైనా లేకుండా, భర్తగారి ఉప్పు తప్పులు దిద్దుతూ నిండు నూరేళ్లు హాయిగా ఉండాలి. ఇన్నేళ్లూ మీ పక్కనే కూర్చున్నానే గాని, మీ ముందు తలెత్తుకుని కూర్చున్నది లేదు. రేపు ఆదివారం మా ఆవిణ్ణీ పిల్లల్నీ తీసుకుని మీ ఇంటికి వస్తున్నాను. అలా రావలసిన ఆదివారాలు నాకు చాలా బాకీ ఉన్నాయి. వాటికైనా మీరు చిరకాలం చల్లగా ఉండాలి.