నూరేళ్ల నిద్రకు పదకొండు సంతకాలు

అది కాదు మేడమ్, బొమ్మ మీద సున్నం కొట్టేయమంటే ఎట్లా? ఆ బొమ్మ నేను కల్పించిందా? మీరిచ్చిన కథల పుస్తకంలోదే గదా. ఇదిగో, పేజీ తెరిచే పెట్టినా. పుస్తకంలో ఉంటే పాఠం, మా అంగన్‌వాడీ గోడ మీద ఉంటే నేరమా?

ముందు కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు.

మెమో ఇస్తారా, ఇవ్వండి. పన్నెండేళ్ల ఉద్యోగం ఒక్క బొమ్మకు పోతుందంటే పోనీండి. కానీ ఒకసారి బొమ్మ వైపు చూసి ఇవ్వండి.

శాపం తగిలి, కోటలో వాళ్లందరితో పాటు నూరేళ్లుగా నిద్రపోతున్న రాకుమార్తె. జుట్టు చెదరలేదు, గౌను నలగలేదు. నేను అరగంట పడుకుని లేస్తే నా పిల్లలే నన్ను గుర్తుపట్టరు. ఇక ఈయన, లేపడానికి వచ్చిన రాకుమారుడు. బూట్లతోనే మంచం ఎక్కినాడు చూడండి. అడివి బురదంతా దుప్పటి మీదే. ఉతికేదెవరు? పుస్తకంలో బొమ్మ గీసినాయనకు ఆ సంగతి తట్టలేదు.

ఈ మూల చూసినారా? చీపురు పట్టుకుని, గోడకు చేరగిలబడి నిద్రపోయే పనిమనిషి. మా ఆయా గురవమ్మ కళ్లు నేరుగా ఆమె మీదికే పోయినాయి. "శాపం అందరికీ ఒకటే గదా టీచరమ్మా, ఆమెకు ఒక చాపన్నా వెయ్యలేదే" అనింది. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

నవ్వకండి మేడమ్. నవ్వితే మెమో రాయలేరు.

నేను చేసిన తప్పల్లా ఒకటే. బొమ్మ చూపించి పిల్లల్ని ప్రశ్నలు అడగమని ట్రైనింగులో మీరే చెప్పినారు. అడిగినా. "ఈమె ఎందుకు నిద్రపోతా ఉంది?" అంటే నాలుగేళ్ల ప్రత్యూష లేచి, "నైటు డ్యూటీ దిగొచ్చింది టీచర్" అనింది.

మరి ఈ ఊళ్లో సగం మంది తల్లులు రొయ్యల కంపెనీ బస్సెక్కి పోయి, తెల్లార్లూ ఐసులో రొయ్యలు ఒలిచి వస్తారు. పగలు నిద్రపోయే ఆడమనిషంటే ఈ పిల్లలకు అమ్మే. శాపం అంటే వాళ్లకేం ఎక్కుతుంది? "సరే, ఈ అబ్బాయి ఎందుకొచ్చినాడు?" అన్నా. "కూర చెయ్యమని లేపతా ఉండాడు" అన్నారు అందరూ ఒక్కసారే.

బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతా, నేను నేర్పలేదు.

మర్నాడు ఆదివారం. పిల్లలంతా ఇళ్లల్లోనే. ప్రత్యూష వాళ్ల నాన్న కిషోర్ పెళ్లాన్ని లేపబోతే, ఆ పిల్ల గడపలో అడ్డంగా కూర్చుందంట. "చెప్పులిప్పు నాన్నా. అమ్మను లేపబాక. అన్నం నువ్వే వండు." అది విని ఇంకో నాలుగిళ్లలో అదే కాపలా. వారం తిరక్కుండానే పదకొండు మంది మగవాళ్లు సంతకాలు పెట్టి మీకు అర్జీ పంపినారు. జయశీల టీచరు కాపురాలు చెడగొడతా ఉందంట.

ఏం చెడింది? కిషోర్‌కు గంజి వార్చడం వచ్చింది. చెయ్యి కాలిందంట, పాపం. వాళ్లావిడ చేతులు చూసినారా మేడమ్? ఐసుకు వేళ్లు పాలిపోయి, గోళ్ల పక్కన చీరుకుపోయి ఉంటాయి. వాటి గురించి ఈ పదకొండు మందిలో ఒక్కడూ సంతకం పెట్టలేదు.

అయినా గోడ మీది బొమ్మకు అంత బలం ఉందని మీరూ నమ్ముతున్నారా? ఉంటే ముందు నన్ను చెడగొట్టాలి గదా. గీసింది నేను, రంగులేసింది నేను.

ఒక మాట చెబుతా, మీలోనే ఉంచుకోండి. నిన్న చర్చి నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, అట్లా నడుం వాల్చినా. కన్ను మూతపడిందో లేదో, మా ఆయన గిద్యోను కాలు తట్టి "టీ" అన్నాడు.

లేచినా మేడమ్. అల్లం కూడా దంచి వేసినా.