లేస్తే పాము చస్తుంది

ఫోన్లలో పాముల ఆట ఆడుతూ అత్తాకోడళ్ళు సోఫాకు చెరో కొసన కూర్చున్నారు. అత్తగారి పాము కొండచిలువంతై కోడలి పామును చుట్టేసింది. కోడలికి ఇక దారి లేదు.

"అత్తయ్యా, స్టవ్ మీద పాలు పొంగుతున్నట్టున్నాయి."

అత్తగారు ఫోను వదిలేసి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి ఆవిడ పాము గోడకు గుద్దుకుని చచ్చింది.

"స్టవ్ మీద పాలెక్కడివే?"

"అవి నిన్న పొంగినవేమో అత్తయ్యా."

"మోకాళ్ళ నొప్పులున్నదాన్ని పరిగెత్తించావు. ఇంకో ఆట పెట్టు, నీ సంగతి చెప్తా."

ఆట రసపట్టులో ఉండగా ఎవరో తలుపు తట్టారు.

"నీ మొగుడే, వెళ్ళి తియ్యి."

"మీ కొడుకేగా, మీరే తియ్యండి."

"నేను లేస్తే నా పాము చస్తుంది."

"నేను లేస్తే నాది బతుకుతుందా?"

తలుపు మళ్ళీ మోగింది. ఫోను మీంచి చూపు తిప్పకుండానే అత్తగారు గొంతెత్తారు.

"ఇంట్లో ఎవరూ లేరురా, కాసేపాగి రా."