తల్లి దిష్టి

విజయనగరంలో ఈతకొలను. జాతీయ డైవింగ్ జట్టు ఎంపికలో ఆఖరి డైవ్‌కి ముందు, మెట్ల దగ్గర ఉష, ఆమె తల్లి గున్నమ్మ.

“నీకు దండమెడతాను, బయటికెల్లిపోవే అమ్మా.”

“నానేటి సేసినానే?”

“ఏటీ సెయ్యనేదు. సూసినావు. రెండు డైవులూ పోనాయి.”

“సూస్తే పోతాదేటి?”

“తల్లి దిష్టి కంటే పెద్ద దిష్టి నేదని నువ్వే అంతావు గదా. తమ్ముడు బువ్వ తింతంటే మొకం తిప్పీసుకునేదానివి.”

“అది బువ్వ. ఇది దూకడం.”

“దిష్టికి ఆ తేడా తెల్దు. దూకే పలక మీద నాలుగంటే నాలుగడుగులు. ఏళ్ల తరబడి ఏస్తన్నాను. ఇవాళ మూడో అడుగు కురసైపోనాది. ఎదురింటోల్ల గేదె రోజూ ఇంటికొస్తాది, ఒక్క అడుగు తప్పదు. నాను మాత్రం ఇండియాకి ఆడీస్తానంట!”

“మీ కోచ్ తిరుమలరావు మాస్టారేటన్నారు?”

“‘నీ కాళ్లకి అన్నీ వొచ్చు, నీకే నమ్మకం నేదు’ అన్నారు. కాళ్లనొక్కటే పంపించీగలనేటి? ఆటితో నానూ ఎల్లాల గదా!”

“నవ్వులాట కాదే. ఇది కూడా పోతే?”

“ఏటవుతాది, నీతో సేపలమ్ముతాను. నాను తూకమేస్తే అదీ ఒక్కోపాలి ఒక్కోలా వస్తాది.”

“ఉషా...”

“ఏడుపొచ్చేస్తందే అమ్మా. ఈ జట్టులో నేకపోతే నాకింకేటీ రాదు. అందుకే ఎల్లమంతన్నాను. కోపం తెచ్చుకోకు.”

“కోపం కాదే. మరి విశాపట్నం పోటీల్లో బంగారు పతకమెలగొచ్చినాది?”

“అక్కడ నువ్వు నేవు గదా.”

“ఉన్నాను.”

“ఎక్కడ?”

“ఆకరి వరసలో. బేరం మానీసి వొచ్చినాను. నువ్వు సూస్తే బెదిరిపోతావని మొకం మీదకి సెంగు లాక్కున్నాను. ఇవాళ మనూరికి దగ్గర గదాని ఎదురుగా కూకున్నాను.”

“కళ్లు మూసుకున్నావు గదా?”

“నేదు.”

“దానికి ముందు పోటీల్లో?”

“అన్నిటికీ వొచ్చినాను.”

“ఓలమ్మా! నీకు బయమెయ్యనేదా?”

“ఎందుకెయ్యదు? కానీ నా గుంట గాల్లో తిరుగుతంటే సూడకుండా ఎలగుంటానే?”

“మరి ఇవాళ తప్పెవులిది?”

“నీ పేరు పిలుస్తన్నారు. బేగెల్లు. నాను బయట నిలబడతాన్లే.”

“ఎక్కడికే? ముందు వరసలో కూకో. నాకు కనబడాల.”