గచ్చు మీద గోలు

“నువ్వు నా మీద గోలు కొట్టనేదు. ఎప్పుడూ కొట్టనేదు. టీవీలో మాత్రం కొట్టానని సెప్పినావు.”

కళింగపట్నంలో గంగరాజు ఇంటి అరుగు. అతనూ, ఒలింపిక్స్‌లో హాకీ ఆడి వచ్చిన ఆ పేట పిల్ల దేవీ. సాయంత్రం ఊళ్లో ఆమెకు సన్మానం.

“ముందు మంచినీళ్లియ్యి మావా.”

“కుండలో ఉన్నాయి, ముంచుకో. గోలు కొట్టనేదు.”

“సన్మానానికి పిలుద్దామని వొచ్చాను. స్టేజి మీద మా అయ్య పక్కన నీకూ కుర్చీ ఏయించాను.”

“నాను రాను.”

“ఎందుకేటి?”

“మొన్న ఎండుసేపలు ఎక్కించుకోడానికి సాలూరు లారీ వొచ్చింది. డ్రైవరు నన్ను సూసి, గోలు తినీసిన గంగరాజు నువ్వేనా అన్నాడు. సాలూరోడికి కూడా లోకువైపోనాను.”

“టీవీవోళ్లు అడిగినారు మావా. నీకు అన్నిట్లోకీ కష్టమైన గోలేది అని. సెప్పాను.”

“ఒలింపిక్స్‌లో కొట్టినావు కదా, ఆ తెల్లదాని మీద. అది సెప్పాల.”

“అది అంత కష్టం కాదు.”

“ఎలాగవతాది? కాళ్లకి దిండ్లు, నెత్తిన ఇనప బుట్ట. ఒంగలేదు, లెగలేదు. నాకేటున్నాది? ఒక పంచ, ఒక కర్ర. అయినా ఒక్క బంతి పోనీనేదు.”

“నువ్వు గోలుకీపరువి కాదు మావా. ఎండుసేపలకి కాపలా.”

“రెండూ సేసినాను.”

“లైటౌసు దాకా తరిమీవోడివి నన్ను.”

“సేపలు ఎండెట్టిన గచ్చు మీద ఎవులాడమన్నారు? ఊళ్లో ఇంకో జాగా నేదేటి?”

“ఇసకలో బంతి దొర్లదు. ఊరు మొత్తానికి సదునుగా ఉన్నది ఆ గచ్చొక్కటే.”

“ఆ బంతీ నా వల బెండే. కోసీసినావు.”

“ఒక్కటే కదా.”

“వల ఆ పక్కకి మునిగిపోయీది.”

“ఇటు నెత్తళ్లు, అటు సావిడాయి సేపలు, మజ్జిన సన్నం సందు. తాటిమట్టతో ఆ సందులోంచే తోసుకొచ్చీదాన్ని. సేపకి తగిల్తే నీ కర్ర లెగీది. ఇండియా క్యాంపులో మా కోచ్ అడిగినాడు, బంతిని ఇలా అంటిపెట్టుకోడం ఎవరు నేర్పారమ్మా అని.”

“నానని సెప్పినావా?”

“సావిడాయిలని సెప్పాను.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. ఒకటి అడుగుతాను మావా. వేట నిషేధమప్పుడు పడవలన్నీ ఒడ్డునే కదా. గచ్చు మీద సేప కాదు, పొలుసు కూడా ఉండదు. అప్పుడూ రోజూ వొచ్చి ఆ సివర నిలబడీవోడివి. ఏటి కాసినావు?”

“పిల్లుల్ని.”

“సేపలు నేని కాడికి పిల్లులెందుకొస్తాయి?”

“అలవాటుకి.”

“అత్త పంపీది కదా?”

“ఇంట్లో ఉంటే సంపీది. గుంట ఒక్కర్తే ఆడతంది, ఎల్లి అడ్డంగా నిలబడు అని. దానికి హాకీ ఏటి తెలుసు?”

“ఈ అరుగు మీద కూకొని, ఎన్ని ఆపినావో లెక్కెట్టీది.”

“లెక్క కూడా తిన్నగా రాదు దానికి. రెండు తక్కువ సెప్పీది.”

“నేను విజీనారం హాస్టలుకి ఎల్లినప్పుడు బస్సుకాడికి కూడా రానేదు నువ్వు.”

“పిల్లుల్ని ఎవులు కాస్తారు?”

“సరే మావా. ఐదింటికి తయారవు. నేనే వొచ్చి తీసుకెల్తాను.”

“మాట మార్చకు. ముందు ఆ బోర్డు పీకించు.”

“ఏ బోర్డు?”

“నాకు తెల్దనుకున్నావేటి? ప్రెసిడెంటు నరసింగరావు గచ్చుకాడ పాతించినాడు. ‘దేవి తొలి గోలు ఇక్కడే, గంగరాజు మీద’ అని. నా పేరు ఎంత పెద్దగా రాయించినాడో. పడవలోంచి కూడా కనబడతంది.”

“నరసింగరావు బాబాయికి నేను సెప్తాను. నువ్వు రా.”

“బోర్డు పీకించు. మైకులో, మా మావ మీద నేను గోలు కొట్టలేదు అని సెప్పు. అప్పుడొస్తాను.”

“అది తప్ప ఏటైనా సెప్తాను.”

“అదెందుకు సెప్పవు?”

“కొట్టాను కాబట్టి.”

“ఎప్పుడు?”

“కొట్టాన్లే మావా.”

“ఎప్పుడో సెప్పు. వానల్లోనా?”

“కాదు.”

“నాకు కళ్లకలకొచ్చినప్పుడా? అప్పుడూ ఒంటికంటితో ఆపినాను.”

“ఒగ్గీ మావా.”

“ఒగ్గను. దేశానికంతా సెప్పినావు, నాకు సెప్పడానికేటి?”

“గోలు కొట్టానన్నాను గానీ, ఏ రోజో టీవీలో సెప్పనేదు. ఎవులికీ సెప్పనేదు.”

“నానడుగుతన్నాను.”

“టీ పెట్టీదా?”

“దేవీ. ఏ రోజు?”

“అత్త పోయాక, కార్యం రోజు.”

“ఆ రోజు నాను ఇంట్లోంచి కదల్నేదు.”

“కదిలినావు మావా. ఇంటి నిండా సుట్టాలు. నువ్వు కర్రట్టుకొని తిన్నగా గచ్చుకాడికొచ్చి, నీ సోట్లో నిలబడి, కొట్టు అన్నావు. ఇయ్యాల వొద్దు మావా అన్నాను. కొట్టు అని కసిరినావు.”

“కొట్టినావా?”

“మెల్లగా తోసినాను, నువ్వు ఆపీలాగ. అది దొర్లుకుంటా వొచ్చి నీ కాళ్ల మజ్జినుంచి పోయింది. నువ్వు ఇటేపు, ఈ అరుగేపు సూస్తన్నావు. బంతి పోయిందని నీకు తెలనేదు.”

“నువ్వు కేకెయ్యనేదేటి?”

“ఎలా ఏస్తాను మావా? మట్ట అక్కడే పడీసి ఇంటికెల్లిపోయాను. టీవీవోళ్లు కష్టమైన గోలేదంటే అదే మనసులోకొచ్చింది. నోరు జారింది. ఇప్పుడే ఎల్లి బోర్డు పీకించేస్తాను. మైకులో కూడా కొట్టనేదని సెప్పీస్తాను.”

“పీకించకు. గోలు గోలే. ఐదింటికి వస్తాను, తినీసినానని నానే మైకులో సెప్తాను. ఏ రోజన్నది మాత్రం ఇంక నువ్వెత్తకు. సచ్చినా నానెత్తను.”